ఆరంగుళాల కన్నం

ట్రౌట్ చేప మూతి, గడ్డకట్టిన సరస్సు మీద వేసిన కన్నంలోంచి పైకొచ్చింది. ఒళ్ళు మాత్రం రానంటోంది.

"భేష్ బావా!" అన్నాను. "పది కిలోల చేపకి ఆరంగుళాల కన్నం! మంచు తొలిచే నా పదంగుళాల బరమా స్లెడ్ బండిలో అలంకారానికి పెట్టాననుకున్నావా?"

మా బావ ఎయినో గాలం దారం వేలికి చుట్టుకుని అలాగే మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"మా హెల్మీ ఉన్నన్నాళ్ళూ పదంగుళాలకి తగ్గిన కన్నం వేశావా? చెల్లెలు పోయి రెండు నెలలైందో లేదో, అప్పుడే బద్ధకం ముంచుకొచ్చింది దొరగారికి."

బావ జేబులోంచి చాకు తీసి దారం మీద పెట్టాడు.

"పిచ్చెక్కిందా! నిపిగాన్ సరస్సులో ఇంత చేప మళ్ళీ పడుతుందా?"

"పెద్దవి వద్దనే చిన్న కన్నం వేశాను, ఓస్మో," అన్నాడు. "ఇందులోంచి వచ్చేది ఒక్కడికి సరిపోతుంది. పోయినవారం పెద్దది పడింది. మూడు రోజులు తిన్నా తరగలేదు. ఆ మిగిలిందాన్ని చూస్తూ కూర్చోలేకపోయాను."

వెక్కిరిద్దామని నోరు తెరిచాను. కానీ కాళ్ళు స్లెడ్ బండి వైపు నడిచాయి.

గునపం తీసుకుని కన్నం అంచు పగలగొట్టడం మొదలుపెట్టాను.

"ఆ చాకు మూసి, దారం పక్కకి పట్టుకో."

"వద్దులే. ఎవడు తింటాడు?"

"నేను తింటాను. నీ వంట తిని ఇవాళ బతికి బట్టకడితే, రేపు కూడా వస్తాను."