చదివి నొక్కన్నా

తమ్ముడంత ద్రోహి లోకంలో లేడంటాడు ప్లాన్లన్న. కొట్టు వెనక స్థలంలో తన వాటాని వెల్డింగువాడికి అమ్ముకున్నాడట, తోడబుట్టినవాడికి మాటమాత్రం చెప్పకుండా. ఇళ్ళ ప్లాన్లు గీసే ఆ కొట్టు అగ్గిపెట్టంత. దాన్ని వెనక్కి పెంచుకోవాలని పదేళ్ళుగా అతని ఆశ.

అన్నదమ్ములకి తగువు మొదలైంది మాత్రం స్థలం దగ్గర కాదు, కంప్యూటర్ దగ్గర.

కస్టమర్లు తమ ప్లాన్లని కొట్టు వెబ్‌పేజీ ద్వారా పంపేవారు. అలా వచ్చిన ఫైళ్ళు ఆ పేజీని నడిపే సర్వర్ పేరున పడేవి. అన్న వాటిని తెరిచి చూడగలడు, ఒక్క గీత మార్చలేడు.

"కొట్టు నాది, కరెంటు బిల్లు నాది, ఫైలు మాత్రం నాది కాదా?" అని ఆ పేజీ కట్టిన తమ్ముడి మీద లేచాడు. "ఆ పేజీకి సర్వాధికారాలూ ఇచ్చెయ్. అదే నా పేరుకి మార్చి పెడుతుంది."

"బీరువా తాళాలు గుమ్మంలో వేలాడదీసినట్టే అన్నా. ఎవడు దూరినా మొత్తం ఊడ్చుకుపోతాడు."

తమ్ముడు విడిగా స్క్రిప్టు అనే చిన్న ప్రోగ్రాము ఒకటి రాశాడు. అది ఒకే ఫోల్డరులోని ఫైళ్ళని, ఒక్క అన్న పేరుకే మారుస్తుంది. ఆ స్క్రిప్టుని పిలవడం తప్ప పేజీకి ఇంకే హక్కూ లేదు. పైగా ప్రతి ఫైలుకీ తెర మీద ఒక ప్రశ్న: మార్చమంటారా? సరే, వద్దు.

"ఇన్నిసార్లు అడుగుతుందేంట్రా? చదువు రానివాణ్ణని వెక్కిరింపా?"

"చూసి నొక్కితే తప్పులు జరగవని. అసలు ఎంటర్ కొడితే 'వద్దు' మీద పడాలి. జాగ్రత్తగా కట్టిన పేజీలన్నీ అంతే. నీ గోల పడలేక ఇక్కడ 'సరే' మీద పెట్టాను."

ఆ ఒక్క వేలి కష్టానికి కూడా అన్న విరుగుడు కనిపెట్టాడు. ఎంటర్ కీ పైకి లేవకుండా సందులో అగ్గిపుల్ల దూర్చి, టీకి వెళ్ళేవాడు. తిరిగొచ్చేసరికి ఇరవై ఫైళ్ళూ అతని పేరున ఉండేవి. "ఎనిమిదో తరగతి బుర్రరా ఇది" అని తన నుదురు తనే తట్టుకునేవాడు.

ఒకరోజు తమ్ముడు వచ్చి కంప్యూటర్ ముందు కాసేపు కూర్చున్నాడు. లేస్తూ ముసిముసిగా నవ్వాడు.

"తెర మీద ఒకటి పెట్టాను. ఇది మాత్రం చదివి నొక్కన్నా."

"నాకు నేర్పొచ్చావా? పో, పో."

తమ్ముడు వీధి మలుపు తిరక్కముందే అగ్గిపుల్ల దూరింది. అన్న టీ తాగి వచ్చేసరికి తెర ఖాళీ.

మర్నాడు తమ్ముడు ఫోన్ చేశాడు.

"నిన్నటిదానికి నువ్వే నొక్కావా?"

"నేను కాక మన తాత లేచొచ్చి నొక్కాడా?"

"చదివే నొక్కావా?"

"అక్షరం వదల్లేదు."



"సరేలే. నీ ఇష్టం."

నెల తిరక్కుండా వెనక స్థలంలో వెల్డింగు నిప్పురవ్వలు లేచాయి. అన్న ఆ వైపు కిటికీకి మేకులు కొట్టేశాడు. వచ్చిన ప్రతి కస్టమరుకీ తమ్ముడి ద్రోహం వినిపించి, "నన్నొక్క మాట అడిగితే కాదంటానా?" అని ముగిస్తాడు.

ఆ రోజు తెర మీదున్న భూముల ఆఫీసు సమ్మతి పేజీలో అగ్గిపుల్ల 'వద్దు' అని తిప్పికొట్టింది, తమ్ముడు పైసా పుచ్చుకోకుండా అన్న పేరున రాసిచ్చిన తన వాటా నూట ఎనభై గజాలనే.