నేల మీద ఏది ఉంటే అది

"పొయ్యి గొట్టం ఇవాళే విప్పాలా అమ్మా? పిలిచి పిలిచి చల్లటి రొట్టె, చల్లటి చేప పెడుతున్నావు," అని లియా మధ్యాహ్నం నుంచి సణుగుతూనే ఉంది.

ట్రిఫీనా వినిపించుకోలేదు. అలమరలోంచి పళ్ళేలు ఒక్కొక్కటే తీసి, బొంతల మధ్య పెట్టి, గది మూల పేరుస్తోంది.

"తినడానికన్నా రెండు ఉంచు," అన్నాడు కొడుకు సెల్బీ. "అసలు ముందు సంతకం పెట్టు. ఐదింటికి తపాలా పడవ వెళ్ళిపోతుంది."

అతని చేతిలో ఉన్నది అప్పీలుకు అనుమతి కోరే అర్జీ. ఆ చెక్క ఇల్లు సెల్బీ తండ్రి కట్టింది. కింద నేల మాత్రం చేపల వర్తకుడు బ్రాక్‌వెల్‌ది. తాతల నాటి లీజు తీరిపోతోందని అతను కోర్టుకెక్కాడు. సెయింట్ జాన్స్ పట్నంలో జడ్జి సాక్షుల్ని పిలవలేదు, ట్రిఫీనాని ఒక్క మాట అడగలేదు. కాగితాలు చూసి, విచారణ అక్కర్లేదని తీర్పు చెప్పేశాడు. ఈ నెలాఖరుతో లీజు సరి. ఆ రోజు గడిచేసరికి నేల మీద ఏది నిలబడి ఉంటే అది నేలతో పాటు యజమానిదే.

నెలాఖరు ఇవాళే.

పైకోర్టు అనుమతిస్తుందని సెల్బీ ఆశ. ఇవ్వదని లియా నమ్మకం. ఆ గొడవంతా మానేసి అమ్మ తనతో పట్నం వచ్చెయ్యాలంటుంది.

"మీ గదికా? కిటికీ తీస్తే పక్కవాళ్ళ గోడ," అంది ట్రిఫీనా.

"మరేం చేస్తావు? అఖాతానికవతల తాతయ్య బంగాళాదుంపల మడి ఉందిగా అంటావు. డెబ్భై రెండేళ్ళకి అక్కడ కొత్త ఇల్లు కడతావా?"

"కొత్తదెందుకులే."

కిటికీ బయట పొగమంచు. అందులోంచి అవతలి గట్టు ఒకసారి కనపడుతుంది, ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ లోపలికి వెళ్ళిపోతుంది. ట్రిఫీనా చేతిలో పళ్ళెం అలాగే పట్టుకుని అటే చూస్తూ నిలబడింది.

"రాత్రి కల్లోకి మీ నాన్న వచ్చాడు. ఇదిగో, ఈ బల్ల దగ్గరే కూర్చుని కిటికీలోంచి గాలం వేశాడు. చేప కూడా పడింది."

అన్నాచెల్లెళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లియా కళ్ళు తుడుచుకుంది.

కాళ్ళ కింద, చెక్కల అడుగున దబదబమని చప్పుడైంది. ఏమిటని సెల్బీ అడిగితే, ఈసా మావయ్య ఇంటి కింది గుంజలు చూస్తున్నాడంది ట్రిఫీనా. రేపు పరాయిదయ్యే ఇంటికి ఇవాళ మరమ్మతేమిటని విసుక్కున్నాడు సెల్బీ. వచ్చేటప్పుడు గుమ్మం ముందు ఖాళీ పీపాలు తగిలి అతని మోకాలు దోక్కుపోయింది. ఇంటి దగ్గర్నుంచి నీటి దాకా పడవలు లాగే దుంగలు పరిచి, కొవ్వు కూడా రాసి ఉంచారు. ఎవరి పడవకో అడిగినా ఆవిడ చెప్పలేదు.

"ఆ మరమ్మతుకి పెట్టే ఓపిక ఈ కాగితం మీద పెట్టమ్మా. నిన్ను ఒక్క మాట అడక్కుండా తీర్పిచ్చారు. కోపం రాదూ నీకు?"

"వచ్చింది. తర్వాత ఆ తీర్పు మళ్ళీ చదివించుకున్నాను. ఈసా మూడుసార్లు చదివాడు. బాగానే రాశారు జడ్జి గారు."

బల్ల మీది ఉడకబెట్టిన గుడ్డు తనంతట తనే దొర్లడం మొదలెట్టింది. అంచు దాకా వచ్చాక ట్రిఫీనా చెయ్యి చాపి పట్టుకుంది, అది వస్తుందని ముందే తెలిసినట్టు.

బయట ఊరంతా చేరినట్టుంది. ఎవరో పడవలు లాగే పాట అందుకున్నారు. ఆడా మగా అందరి గొంతులూ కలిశాయి. ఇంటి దూలాలు నిద్రలో ఒత్తిగిల్లిన మనిషిలా మూలిగాయి. సెల్బీ లేవబోతే ట్రిఫీనా భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టింది. లియాని పక్కకి పిలిచింది. ఇద్దరికీ రేకు కప్పుల్లో చల్లారిన టీ పోసింది. అర్జీని నాలుగు మడతలు పెట్టి సెల్బీ జేబులోనే దోపింది.

"జడ్జి గారు చెప్పినట్టే చేద్దాం నాయనా, నేల వాళ్ళకే ఉండనీ," అంది మెల్లగా. "రాత్రి భోజనం మీ తాతయ్య మడి దగ్గర. కప్పులు గట్టిగా పట్టుకోండి, ఇల్లు నీళ్ళలోకి దిగుతోంది."