చేతులు వెనక్కి

ఇరవై ఆరేళ్లుగా ఒక్కరూ పరీక్ష తప్పని తరగతిలో, పని నేర్చుకున్నవాళ్లు ఎందరు?

శిక్షణ మొదటి రోజున శిక్షకురాలు వేసిన ప్రశ్న ఇది. హాల్లో ముప్పైమంది వృత్తివిద్యా ఉపాధ్యాయులున్నారు.

ఆ ఇరవై ఆరేళ్లూ ఫిట్టర్ మాస్టారివి. అంతకు నిమిషం ముందే, తనను తాను పరిచయం చేసుకుంటూ, ఆయన గర్వంగా చెప్పుకున్న లెక్క అది.

“వెటకారం కాకపోతే ఏమిటిది?” అన్నాడు పక్కనున్న వెల్డింగ్ మాస్టారితో.

“చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్నా. మన దగ్గర పిల్లలు పడేది, ఈవిడ దగ్గర మనం పడుతున్నాం.”

“మొక్కై వంగనిది మానై వంగుతుందిటయ్యా?”

“వంగకపోతే స్టోరుకి పంపేస్తారట. మిగిలిన మూడేళ్ల సర్వీసూ నట్లూ బోల్టులూ ఏరుకుంటూ కూర్చుందువుగాని.”

హాస్యమే గాని అబద్ధం కాదు. ఐదో రోజున నమూనా పాఠం. నెగ్గినవారికి తరగతి, నెగ్గనివారికి స్టోరు గది. ఇనుమును అరగదీసే ఆకురాయి చప్పుడు లేని ఉదయం ఎలా ఉంటుందో ఫిట్టర్ మాస్టారికి తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

నాలుగు రోజులు రంగు కాగితాల మీద రాయడంలో, గుంపులుగా కూర్చోవడంలో, లేవడంలో గడిచాయి. విద్యార్థి కేంద్రంగా బోధన అన్న మాట విని విని ఆయనకు విసుగు కూడా విసుగైపోయింది.

ఐదో రోజున నియమం ఒక్కటే. ఉపాధ్యాయుడు చేతులు వెనక్కి కట్టుకోవాలి. అడగవచ్చు, చెప్పవచ్చు. పనిముట్టు మాత్రం నేర్చుకునేవారి చేతిలోనే ఉండాలి. గడువు నలభై నిమిషాలు. అందుకోసం పని రానివారిని బయటినుంచి దరఖాస్తులు తీసుకుని రప్పించారు.

ఫిట్టర్ మాస్టారి ముందుకు నలభై దాటిన ఒకావిడ వచ్చింది.

“నమస్కారం సార్.”

“నమస్కారమమ్మా. ఏం నేర్చుకుందామని?”

“ఆకురాయితో ఇనుప ముక్కను చదునుగా రాయడం సార్. నేను రాస్తే మధ్యలో ఉబ్బు మిగిలిపోతుంది.”

“ఎందుకంటారు?”

ఆవిడ ముక్కను బల్లకున్న వైస్‌లో బిగించి నాలుగుసార్లు రాసింది. కీచుమంది. ఆగి ఆలోచించింది.

“చేయి ఊగుతోంది సార్.”

“ఎక్కణ్ణించి ఊగుతోంది?”

మళ్లీ రాసింది. తన భుజం చూసుకుంది, నడుము చూసుకుంది, చివరికి కాళ్ల వంక చూసుకుంది. ఎడమకాలు ముందుకు జరిపింది.

చప్పుడు మారింది.

మాస్టారు ముందుకు వంగి చూశాడు. ఇన్నేళ్లలో ఆ సంగతి తమంతట తాము కనిపెట్టినవారిని ఆయన ఒక్కరినీ చూడలేదు. అంతసేపు ఎవరికోసమూ ఆగి ఎరుగడు మరి.

ఆవిడ ముక్క మీద మూలమట్టం అంచు ఆనించి కిటికీకేసి చూసింది. అడుగునుంచి వెంట్రుకవాసి వెలుతురు కనబడుతోంది.

“ఇంకొంచెం ఉబ్బు ఉంది సార్. ఎక్కడుందో తెలుస్తోంది నాకు.”

గడియారంలో మిగిలింది ఆరు నిమిషాలు. అవతలి బల్ల దగ్గర వెల్డింగ్ మాస్టారి శిష్యుడు పని ముగించి కూర్చున్నాడు. మాస్టారి కళ్లముందు స్టోరు గది తలుపు తెరుచుకుంది. వీపు వెనక ఆయన వేళ్లు కుదురుగా నిలవలేదు.

“ఇలా ఇవ్వమ్మా.”

“ఐదు నిమిషాలు సార్. వచ్చేస్తోంది.”

“ఇవ్వమ్మా, టైమైపోతోంది!”

ఆవిడ ఆయన ముఖంలోకి ఒకసారి చూసింది. తరవాత, అలవాటైన పనిలా, ఆకురాయి పిడిని ఆయనవైపు తిప్పి అందించింది.

మూడే మూడు రాతలు. చేయి తిరిగిన మనిషి. మూలమట్టం కింద చీకటి తప్ప మరేమీ మిగలలేదు.

“చూశారా, ఎంత సులువో!”

“చూశాను సార్. చూడటం నాకు బాగా వచ్చు.”

ఆవిడ చేతులు కడుక్కుని, కొంగున తుడుచుకుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

శిక్షకురాలు వచ్చి ముక్కను చేతిలోకి తీసుకుంది.

“అద్దంలా ఉంది మాస్టారూ. ముక్కకి నూటికి నూరు. పాఠానికి సున్నా.”

“అదేమిటండీ! నలభై నిమిషాల పాఠంలో ఒక్క నిమిషం చేయి వేస్తే... స్టోరుకి తోసేస్తారా? పాపం, కొత్త మనిషి కదా అని జాలిపడ్డాను.”

“కొత్త మనిషి ఎవరండీ? ఆవిడ దరఖాస్తు చూసి మొదట నేనే వద్దన్నాను. ‘పాసైన కాగితం ఉంది, పని రాదు, కావాలంటే పరీక్ష పెట్టండి’ అంది. పెట్టాను. నిజంగానే రాదు. ఆ కాగితం చూపించి రెండుచోట్ల పనిలో చేరిందట. రెండుచోట్లా వారం తిరక్కుండానే పంపించేశారట. పాఠం మాత్రం మీ దగ్గరే కావాలని పట్టుబట్టింది.”

“నా దగ్గరేనా? ఎందుకు?”

శిక్షకురాలు ఫైలులోంచి ఆ కాగితం నకలు తీసి బల్లమీద పెట్టింది.

ఫిట్టర్ పని. ప్రథమ శ్రేణి. పరీక్ష ముక్కకు నూటికి నూరు. తేదీ ఇరవై ఏళ్ల కిందటిది.

ఆయనకు ముఖం గుర్తుకు రాలేదు. ముక్క గుర్తుకొచ్చింది. ఆ ఏడాది తరగతిలో ఉన్న ఒకే ఒక్క ఆడపిల్ల తప్పకూడదని, పరీక్ష గంట మోగేలోగా, ఆమె చేతిలోంచి ఆకురాయి తీసుకుని తానే రాసి ఇచ్చిన ముక్క.

గబగబా గేటుదాకా నడిచాడు. వీధిలో ఆవిడ లేదు.

తిరిగొచ్చి కాగితం అడుగున చూశాడు. ఉపాధ్యాయుని సంతకం తనదే.

ఇది చదువుతున్న మీరూ ఏదో ఒకటి నేర్పేవారే అయివుంటారు. మీరు సంతకం పెట్టిన కాగితాలు బయటికి తీయండి; వాటిలో నేర్చుకునేవారికి బదులు మీరే పాసైనవి ఎన్నో చెప్పండి.