మెత్తని పిచ్

ఆదివారం పొద్దున పిచ్ మీద కాలు పెట్టిన అంపైర్ బూటు బురదలో దిగబడింది. క్రికెట్ ఫైనల్ రద్దయింది.

“నిన్న ఇదే గ్రౌండ్ల ఆడపిల్లల ఫుట్‌బాల్ ఉన్నదని నీకెరుకే గద, బాలకిషన్! ఆటకు ముంగట పిచ్ మీద నల్లా ఇడిసిపెడ్తవా? ఎట్ల తొక్కిన్రో చూడు!” క్రికెట్ సెక్రటరీ మండిపడ్డాడు.

“బంద్ చేసుడు మర్చిపోయిన సార్,” అన్నాడు ముప్ఫై ఏళ్లుగా ఆ పిచ్‌ను చూసుకుంటున్న బాలకిషన్.

“రేపటి సంది రాకు.”

తాళంచెవులు అప్పజెప్పి, అబిడ్స్ మీదుగా నాంపల్లిలోని ఇంటికి నడిచే వచ్చాడు. కూతురు హాసిని గోడ పట్టుకుని కుంటుతూ వచ్చి తలుపు తీసింది.

“మా టీం పోరీలు ఫోన్ చేసిన్రు నాయినా. ఈసారి పిచ్ మెత్తగుండెనట. కిందపడ్డా ఒక్కరికి గూడ దెబ్బ తాకలేదట.”

“ఔ బిడ్డా.” ఆమె మోకాలి వైపు చూడలేకపోయాడు.

పోయినేడు ఇదే ఫుట్‌బాల్ మ్యాచ్‌కు ముందు ఆయన ఏదీ మరిచిపోలేదు. మర్నాటి క్రికెట్ కోసం రోలర్ లాగి లాగి పిచ్‌ను రాయిలా చేసి పెట్టాడు.

హాసిని పడింది దాని మీదే.