చేతికుట్టు

"ఇక్కడే కూర్చుంటాను, కుట్టి ఇచ్చెయ్యండి. గంటన్నరలో ఇంటర్వ్యూ," అన్నాడు ప్యాంటు తెచ్చినతను.

దర్జీ కూతురు గబుక్కున కల్పించుకుంది. "కింద మడతలకి మిషన్ కుట్టు వేసేద్దాం నాన్నా. పది నిమిషాల పని."

"ఇంత మంచి గుడ్డకా? కుట్టు బయటికి కనబడి చస్తుంది. చేతికుట్టే వెయ్యాలి," అంటూ దర్జీ సూది అందుకున్నాడు.

దారం సూది పక్కనుంచి పోయింది. మళ్ళీ పోయింది. వచ్చినతను గడియారం చూసుకున్నాడు.

ఆయనకి చూపు తగ్గిందన్న మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. మూడు నెలలుగా ఆయన భోజనానికి వెళ్ళగానే, వంకర పోయిన మడతలన్నీ విప్పి, మళ్ళీ కుట్టి, ఇస్త్రీ చేసి పెడుతోంది కూతురు. ఇప్పుడు ఎదురుగా మనిషిని కూర్చోబెట్టుకుని విప్పేదెలా?

"ఇలా ఇవ్వు నాన్నా, దారం నేనెక్కిస్తాను."

ఎక్కించి సూది ఇవ్వబోయింది. ఆయన చెయ్యి చాపలేదు. ప్యాంటు ఆమె ఒళ్ళోకి జరిపాడు.

"నువ్వే కుట్టు. విప్పే పని తప్పుతుంది."



పక్కన వేలాడుతున్న ఇంకో ప్యాంటు మడతని ఆయన బొటనవేలితో తడిమాడు. "కళ్ళు పోయాయి గానీ వేళ్ళు పోలేదమ్మా. నా కుట్లు కుడికి వాలతాయి. మూడు నెలల నుంచి అన్నీ ఎడమకే వాలుతున్నాయి."

ఆమె తలెత్తకుండా, ఎడమచేత్తో మొదటి కుట్టు వేసింది.