దేవయ్య సాంచ నడక

సిరిసిల్లలో సాంచలని పిలిచే మరమగ్గాలు అమ్మేసిన షెడ్డు ఒకటి రికార్డింగుకు దొరికింది. కాపలాకు రాజనర్సు అనే ముసలి నేత కార్మికుడు. నా వాయింపు విని లయ తప్పుతోందన్నాడు. కోరుట్ల పెళ్లిళ్లలో పదేళ్లుగా గిటారు వాయిస్తున్న నాకు లయ గురించి అతను చెప్పడమా?

చీకటి పడ్డాక పాట వేగానికి తగ్గట్టు ఎకో పెడల్‌ను కాలితో తట్టాను. తీగ మీటితే ప్రతిధ్వని తాళంలో పడాలి. అది మాత్రం టకటకమంటూ తన వేగమే పట్టింది. మళ్లీ తట్టినా అంతే.

"గది దేవయ్య సాంచ నడక, జాన్. గీ మూలకే నడిపేటోడు, గీడనే పానం పోయింది" అన్నాడు గుమ్మంలో కూర్చున్న రాజనర్సు.

"పెడల్ అంటే ఏందో ఎరుకేనా తాతా?" అని నవ్వాను.

ప్రతిధ్వని ఠక్కున ఆగిపోయింది.

"దారం తెగింది. అతికితె మళ్ల నడుస్తది" అన్నాడు రాజనర్సు.

చూస్తే గిటారు సన్న తీగ నిజంగానే తెగి ఉంది. చవక తీగలని తిట్టుకుంటూ కొత్తదాని కోసం సంచిలో వెతికాను. తిరిగి చూసేసరికి తెగిన చోట నేతగాళ్లు వేసే చిన్న ముడి ఉంది. మూలలో టకటక మొదలైంది.

రాజనర్సు గుమ్మంలోంచి కదలనే లేదు. నన్ను ఎగాదిగా చూశాడు.

"ఇగ ఆయనెంబడి వాయించు. నేర్చుకుంటవు."