బుడగలు లేని ఎరుపు

అన్న, చెల్లెలు సగం అతికించిన లాంతరులోంచి ఎర్రగాజు ముక్క లాగి వెలుగుకి పెట్టి చూశాడు. అతని ముఖం కందగడ్డలా అయింది.

"ఒక్క బుడగ లేదు! నా కొలిమిలో పోసిన గాజుకి బుడగలు లేకుండా ఎలా ఉంటాయే? చవగ్గా వస్తోందని దిగుమతి సరుకు కొంటున్నావన్నమాట. తోడబుట్టినవాడి పొట్ట కొట్టడానికి నీకు మనసెలా వచ్చింది?"

చెల్లెలు బల్ల కిందున్న గాజు పలకల పెట్టెని కాలితో ముందుకి జరిపింది. మూత మీద అన్న కొలిమి ముద్ర ఉంది.

"ఆ ముక్క ఇందులోదే అన్నయ్యా, నువ్వు పంపిందే. బుడగలు పోయాయంటే నీ చెయ్యి తిరిగిందనుకున్నాను. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ గొప్పగా చెప్పుకున్నాను."